.308తో జింకకీ ఎల్క్‌కీ ఒకే రకం తూటా సరిపోతుందా?

డల్లాస్_మురళి | 14 జులై 2024

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా టెక్సస్ హిల్ కంట్రీలో ఫ్రెండ్స్‌తో కలిసి లీజుకి తీసుకున్న భూమిలో తెల్లతోక జింకల వేటకి వెళ్తున్నాను. ఈ ఏడాది కొలరాడో డ్రాలో (లాటరీలో) ఆడ ఎల్క్ ట్యాగ్ తగిలింది, అంటే ఎల్క్ అనే పెద్ద జాతి జింకని ఒకదాన్ని వేటాడే అనుమతి. మీకర్ వైపు, మూడో రైఫిల్ సీజన్, అంటే నవంబర్. ఎస్టెస్ పార్క్‌లో కారు అద్దంలోంచి చూడటం తప్ప ఎల్క్‌తో నాకు పరిచయం లేదు.

ఉన్నది ఒక్కటే తుపాకీ. .308 (గుండు వెడల్పు, అంగుళాల్లో) బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్టు లాగే రకం, 22 అంగుళాల బ్యారెల్, 3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపే స్కోపు. ఇన్నాళ్లూ 150 గ్రెయిన్ల చవక రకమే వాడాను. ఆరు జింకలు పడ్డాయి, ఏదీ 60 గజాలు దాటి పరిగెత్తలేదు. సొంతంగా తూటాలు కట్టుకునే ఓపికా లేదు, గరాజ్‌లో చోటూ లేదు. అందుకని ఫ్యాక్టరీవే.

నిన్న షాపుకి వెళ్తే ఒక్క .308కే గోడ నిండా పెట్టెలు. చీరల కొట్లో మా ఆవిడ పక్కన నిలబడ్డట్టు నిలబడిపోయాను. ఒకటి 30 డాలర్లు, ఇంకోటి 65. రెండిట్లోనూ 20 తూటాలే, రెండిటి మీదా కొమ్ముల బొమ్మే. నవంబర్‌లో ఎల్క్‌కి, డిసెంబర్‌లో మా టెక్సస్ జింకకి ఒకే తూటా పెట్టుకుంటే తప్పా? ఇన్నాళ్ల 150నే ఎల్క్ మీదా వాడొచ్చా?

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 14 జులై 2024

మురళీ, శుభాకాంక్షలు. ట్యాగ్ తగలడమే సగం వేట.

ముందు జంతువుని చూడు, పెట్టెని తర్వాత చూద్దాం. మీ హిల్ కంట్రీ మగజింక 50, 60 కిలోలుంటే గొప్ప. ఆడ ఎల్క్ 225 కిలోల దాకా తూగుతుంది, మగది 300 దాటుతుంది. మనవైపు చుక్కల దుప్పికీ కణుజుకీ ఎంత తేడా ఉంటుందో అంతకంటే ఎక్కువ. భుజం ఎముక నీ మణికట్టంత ఉంటుంది, దానిమీద తడి బొచ్చు, బురద, దళసరి చర్మం. జింకలో ఒక జానెడు లోపలికి దిగితే పని అయిపోతుంది. ఎల్క్‌లో అదే జానెడుకి ఊపిరితిత్తి ఇంకా దూరంలోనే ఉంటుంది.

చవక రకాన్ని నేను తిట్టను. సీసం ముద్ద, పైన రాగి తొడుగు, అంతే దాని నిర్మాణం. అలాంటిదే రెమింగ్టన్ కంపెనీ కోర్-లోక్ట్, 1939 నుంచీ ఉంది. దాంతో పడ్డ ఎల్క్‌లకి లెక్కే లేదు. గుండు పక్కటెముకల మధ్యగా వెళ్తే ఏ గుండైనా పని చేస్తుంది. మరి ఎల్క్ నీకు పక్కకి తిరిగి నిలబడాలిగా? చిక్కంతా అక్కడే.

పాతికేళ్ల కిందటి సంగతి. నాతో వచ్చిన ఒకాయన తేలిక గుండుతో, వేగం ఎక్కువున్న తూటాతో, 70 గజాల్లో ఆడ ఎల్క్‌ని కొట్టాడు. సరిగ్గా భుజం మీద తగిలింది. అంత దగ్గర్లో, అంత వేగంలో ఆ గుండు ఎముక మీదే ముక్కలైపోయింది. చీకటి పడేదాకా నెత్తురు జాడ పట్టుకుని తిరిగాం. మర్నాడు పొద్దున దొరికింది, మాంసం పనికిరాకుండా పోయింది. కంపెనీ పేరు చెప్పను. తప్పు కంపెనీది కాదు, జింకల కోసం చేసిన గుండుని తెచ్చి ఎల్క్ భుజం మీద పెట్టడానిది.

నా సలహా: .308లో 165 గ్రెయిన్లు, బాండెడ్. అంటే సీసం, రాగి తొడుగు విడిపోకుండా అతికించినది. ఫెడరల్ కంపెనీ వాళ్ల ఫ్యూజన్ ఆ కోవదే, ధర కూడా నడుమన ఉంటుంది. డబ్బు ఎక్కువుంటే నోస్లర్ పార్టిషన్. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే ఆయన ఎండిన బురద పట్టిన మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక) కొడితే గుండ్లు పైపైనే పగిలిపోయాయి. ఆ కోపంతో ఇంటికెళ్లి, నడుమ రాగి గోడ కట్టిన గుండు తయారుచేశాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గోడ చాటున చెక్కుచెదరకుండా లోపలికి దిగుతుంది. 1948లో కంపెనీ పెట్టాడు. ఇప్పటికీ అదే గుండు అమ్ముతున్నారు.

క్రీడ్‌మూర్_కిట్టు | 15 జులై 2024

బాబాయ్ చెప్పింది బాగుంది కానీ ఎల్క్‌కి .308 ఏంటి బ్రో. జంతువుని తాకేసరికి గుండులో 1,500 ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలని అందరూ అంటారు. 165 గ్రెయిన్ల .308కి 300 గజాలు దాటగానే అది కిందకి జారిపోతుంది. అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, 350లో మంద కనబడితే చేతులు కట్టుకుని కూర్చుంటావా? ఇంకా పెద్ద తూటా పట్టే .300 విన్ మాగ్ (విన్చెస్టర్ మ్యాగ్నమ్) తుపాకీ ఒకటి కొనెయ్. 180 గ్రెయిన్లు, సెకనుకి 2,960 అడుగులు. గొడవ వదిలిపోతుంది.

లక్ష్మి_బోజ్‌మన్ | 15 జులై 2024

కిట్టూ, నీ పేరులో క్రీడ్‌మూర్ అనే తేలిక తూటాని పెట్టుకుని ఎదుటివాళ్లని మ్యాగ్నమ్ కొనమంటున్నావు, భలే ఉంది :)

నేను 7ఎంఎం-08తో ఐదు ఎల్క్‌లు కొట్టాను. 140 గ్రెయిన్ల గుండు. .308 మెడని కాస్త సన్నం చేస్తే వచ్చేదే అది, పెద్ద తుపాకీ ఏం కాదు. అన్నీ 250 గజాల లోపే. నాకు అంతకంటే దూరం చేతకాదని నాకు తెలుసు, అందుకే.

భుజానికి తగిలే తన్ను గురించి మగవాళ్లు మాట్లాడరు, సిగ్గు. 6.5 క్రీడ్‌మూర్ తన్ను 12 ఫుట్-పౌండ్ల దగ్గర ఉంటే .300 విన్ మాగ్‌ది 26 పైమాట, తుపాకీ బరువుని బట్టి. రెండింతలు. మా షూటింగ్ రేంజిలో ప్రతి సెప్టెంబర్‌లో చూస్తుంటాను. కొత్త మ్యాగ్నమ్ తెస్తారు, ఆరో తూటాకి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతుంటారు. గుండు వెళ్లి గుట్టలో దిగుతుంది. తప్పు స్కోపుదంటారు.

మురళి గారూ, మీకు అలవాటైన తుపాకీ అదే. దాన్ని మార్చకండి. తూటా మాత్రం మార్చండి.

ఒక పరీక్ష చెప్తాను. మన సంఘాల భోజనాల్లో పెట్టే చిన్న పేపర్ ప్లేటు ఉంటుంది కదా, ఎనిమిది అంగుళాలది. దాన్ని పెట్టి, బల్ల మీంచి కాదు, మోకాలి మీద కూర్చుని కర్రల ఊతతో ఐదు కొట్టండి. ఐదూ ప్లేటులో పడే దూరం ఎంతో అదే మీ ఎల్క్ దూరం. పెట్టె మీద ఏం రాశారన్నది తర్వాత.

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 15 జులై 2024

ఆ 1,500 అనేది నోటిలెక్క, చట్టం కాదు. కొలరాడో చట్టం అడిగేది ఇది: గుండు 6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్లు, 100 గజాల్లో 1,000 ఫుట్-పౌండ్లు, తగలగానే ముందు భాగం విచ్చుకునే రకం. మిలిటరీ తూటాల్లా పూర్తి తొడుగుంటే కుదరదు, సూదిలా దూసుకుపోతుంది. కాబట్టి టెక్సస్‌లో .223తో జింకని కొట్టే అలవాటున్నవాళ్లు దాన్ని కొలరాడోకి తీసుకెళ్లకండి.

శక్తి అంకె కంటే నేను చూసేది వేగం. చాలా వేట గుండ్లు సెకనుకి 1,800 అడుగుల కిందకి వస్తే సరిగ్గా విచ్చుకోవు. నీ .308 165 గ్రెయిన్ల గుండు 300 గజాల్లో 2,000 దాటే ఉంటుంది. కాబట్టి 300 దాకా నిశ్చింత. ఆ పైన కొట్టాలా వద్దా అన్నది నీ చెయ్యి చెప్పాలి, నీ పెట్టె కాదు.

వేట_కొత్త | 16 జులై 2024

చదువుతుంటే బాగుంది కానీ మీరు మాట్లాడే గ్రెయిన్ అంటే ఏంటండీ? మందు ఎంతుందనా? ఎక్కువ గ్రెయిన్లంటే ఎక్కువ పవరా? ఇంకోటి, నేను హెచ్-1బీ మీద ఉన్నాను. తూటాలు కొనొచ్చా?

డెన్వర్_శ్రీను | 16 జులై 2024

పెట్టె మీద రాసేది మందు కాదు, ముందుండే గుండు బరువు. గ్రెయిన్ అంటే గింజే, పాతకాలం ధాన్యపు గింజ తూకం. ఒక పౌండుకి 7,000. మా నాన్న బంగారం కొట్లో లెక్కలు రాసేవారు, అందుకని నాకు వేరేలా గుర్తుంది. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్లలో పది గ్రాముల్నే తులం అంటున్నారు, అది కాదు, పాతది. అంటే 180 గ్రెయిన్ల గుండు కచ్చితంగా ఒక తులం. మురళి వాడుతున్న 150 ముప్పాతిక తులం పైచిలుకు.

బరువెక్కువైతే వేగం తగ్గుతుంది. .308లో 150 సెకనుకి 2,820 అడుగులు, 165 అయితే 2,700, 180 అయితే 2,620. తేలికది దూకుడుగా వెళ్లి తొందరగా పగులుతుంది, బరువైనది నెమ్మదిగా వెళ్లి లోతుకి దిగుతుంది. గుండు తయారీ ఒకటే అయినప్పుడు మాట ఇది.

హెచ్-1బీ సంగతి సీరియస్. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. మినహాయింపుల్లో మనలాంటి వాళ్లకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. లైసెన్స్ గడువు అయిపోయి, బీరువాలో పెట్టె మిగిలినా ఇబ్బందే. గ్రీన్ కార్డ్ ఉంటే ఆ బాధ లేదు. కొనేముందు లాయర్‌ని అడుగు, ఫ్రెండ్‌ని కాదు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు కూడా తీసుకో, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి కొలరాడోలో అది లేకపోతే లైసెన్సే ఇవ్వరు.

అడ్మిన్ | 16 జులై 2024

గుర్తుచేస్తున్నాను: ఇండియాలో వేట గురించిన ప్రశ్నలు ఇక్కడ పెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అక్కడ జింక వేట నేరం. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక, తెలంగాణకి చుక్కల దుప్పి రాష్ట్ర జంతువులు. నిన్న ఒక పోస్టు తీసేశాను, ఎవరిదో వాళ్లకి తెలుసు.

శాక్రమెంటో_రవి | 17 జులై 2024

రాగి గురించి ఇంతవరకూ ఒక్కరూ ఎత్తలేదేంటి? మాకు కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం నిషేధం. కాండర్ రాబందులు వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని సీసంతో చచ్చిపోతున్నాయని ఆ చట్టం తెచ్చారు. మొదట్లో నేనూ గొణిగాను. ఇప్పుడు చట్టం ఎత్తేసినా సీసానికి వెనక్కి వెళ్లను.

బార్న్స్ కంపెనీ వోర్-టీఎక్స్ తూటాల్లో వచ్చే టీటీఎస్ఎక్స్ గుండు మొత్తం రాగే. ముందు భాగం నాలుగు రేకుల పువ్వులా విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా అలాగే ఉంటుంది. పగలదు కాబట్టి బరువైనది అక్కర్లేదు. సీసంలో 180 అనుకునేవాళ్లు రాగిలో 165, 168కి దిగొచ్చు. ఒక్కటే షరతు, దానికి వేగం కావాలి. నెమ్మదిస్తే పువ్వు విచ్చదు. అందుకే 300లోపే పెట్టుకోండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారా మురళీ? 2008లో నార్త్ డకోటాలో దానంగా వచ్చిన జింక మాంసంలో సీసం రేణువులు కనబడితే పేదలకి ఉచితంగా తిండి పంచే ఫుడ్ ప్యాంట్రీలకి దాన్ని పారేయమని చెప్పారు. ఎక్స్‌రే తీస్తే గాయానికి చాలా దూరంలో కూడా తుంపరలా కనిపిస్తాయి.

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 17 జులై 2024

నలభై ఏళ్లుగా సీసంతో కొట్టిందే తింటున్నాను, ఇదిగో టైప్ చేస్తున్నాను.

శాక్రమెంటో_రవి | 17 జులై 2024

మీరు బాగానే ఉన్నారు బాబాయ్. నేను అడిగింది ఐదేళ్ల పిల్లల గురించి.

లక్ష్మి_బోజ్‌మన్ | 18 జులై 2024

రవి గారితో నేను ఏకీభవిస్తాను. మా పాప పుట్టాక రాగికి మారాను. మారకపోయినా బాండెడ్‌తో తుంపర చాలా తగ్గుతుంది. గాయం చుట్టూ జానెడు మాంసం మొహమాటం లేకుండా కోసి పారేయండి. కీమా ఆడించేటప్పుడు నెత్తురు గడ్డకట్టిన ముక్క ఒక్కటి కూడా వెయ్యకండి. సీసం దాక్కునేది అక్కడే.

బాబాయ్ గారూ, కోపం వద్దు.

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 18 జులై 2024

కోపం ఎందుకమ్మా. మనవరాలు వచ్చినప్పుడు ఏ ప్యాకెట్ తీస్తానో నాకే తెలుసు. ఆ మాట పైకి ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది.

క్రీడ్‌మూర్_కిట్టు | 20 జులై 2024

సరే, కొత్త తుపాకీ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ .308 అట్టే పెట్టుకునేట్టయితే హోర్నడీ ప్రెసిషన్ హంటర్ 178 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ ఒక పెట్టె కొట్టి చూడు. గుండు సన్నగా పొడుగ్గా ఉంటుంది, గాలిని బాగా చీల్చుకుపోతుంది, దూరంలో వేగం నిలుపుకుంటుంది. మీకర్ చుట్టుపక్కల ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో గాలి పలచన కూడా. డల్లాస్‌లో చూసుకున్న డ్రాప్ లెక్క (ఎంత దూరంలో గుండు ఎంత కిందకి జారుతుందో) అక్కడ కొంచెం మారుతుంది, గుండు పైన తగులుతుంది. 200 దాకా తేడా తెలీదు, 300 దాటితే చూసుకో.

డెన్వర్_శ్రీను | 20 జులై 2024

ఇంకో మాట. ఏది నచ్చినా ఒక్క పెట్టె తెచ్చి ఊరుకోవద్దు. రెండు మూడు రకాలు ఒక్కోటి తెచ్చి కొట్టు. నీ బ్యారెల్ ఏది ఒప్పుకుంటుందో నీ బ్యారెల్‌కే తెలుసు. ఖరీదైన తూటాలు ఒక తుపాకీలో అన్నీ ఒకే అంగుళంలో పడితే, పక్కవాడి తుపాకీలో మూడంగుళాలు చెదురుతుంది. నచ్చింది దొరికాక అదే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, నాలుగు పెట్టెలు ఒకేసారి కొను. పెట్టె లోపలి మడత మీద నంబరు ఉంటుంది. లాట్ మారితే జీరో (స్కోపులో గురి పెట్టినచోటే గుండు తగిలేలా చేసిన సర్దుబాటు) కూడా ఒక్కోసారి జరుగుతుంది.

తూటా అడుగున చెక్కిన పేరు, బ్యారెల్ మీద చెక్కిన పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. నవ్వకండి. .223 తుపాకీలో .300 బ్లాకౌట్ తూటా పట్టి తుపాకీ పేలిపోయిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

డల్లాస్_మురళి | 22 సెప్టెంబర్ 2024

ఆలస్యమైంది, క్షమించండి. ప్రాజెక్ట్ రిలీజు, ఆపైన వినాయక చవితి.

ఐదు రకాలు కొట్టాను. 100 గజాలు, మూడేసి తూటాలు, బ్యారెల్ చల్లారనిచ్చి రెండేసి సార్లు. మూడు రంధ్రాలూ ఎంత వెడల్పులో పడ్డాయో (గ్రూపు) కింద రాస్తున్నా. డల్లాస్ ఎండలో బ్యారెల్ చల్లారడమంటే ఒక్కోసారి అరగంట. నేను కారు ఏసీలో, అది నీడలో.

178 ఈఎల్‌డీ-ఎక్స్: ఒక అంగుళం లోపు. కిట్టు నెగ్గాడు.
168 రాగి టీటీఎస్ఎక్స్: అంగుళం పావు.
165 ఫ్యూజన్: అంగుళంన్నర లోపు.
పాత 150: రెండంగుళాలకి కాస్త తక్కువ. నాలుగేళ్లు ఇదే కొట్టాను, ఎన్నడూ కొలవలేదు.
ఐదోది పెట్టె 60 డాలర్లు, మూడంగుళాలు దాటింది. శ్రీను అన్న చెప్పినట్టే. పేరు రాయను, పక్కవాడి తుపాకీలో అదే బ్రహ్మాండంగా ఉండొచ్చు.

పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దాయన గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని ఉంటే అడిగాను. ఫ్యూజన్ పెట్టె మీద 2,700 అని ఉంది. నా తుపాకీలో 2,630 వచ్చింది. కంపెనీలు 24 అంగుళాల బ్యారెల్‌తో కొలుస్తాయి, నాది 22, అందుకే అన్నాడు.

చివరికి 165 ఫ్యూజనే తీసుకున్నాను. కిట్టు అడుగుతాడు కాబట్టి ముందే చెప్తున్నా. లక్ష్మి గారి ప్లేటు పరీక్షలో నేను 200 దాకా ఐదుకి ఐదు, 250లో నాలుగు, 300లో మూడే. అంటే నా దూరం 200. మనసు రాయి చేసుకుంటే 225. ఆ దూరంలో అర అంగుళం గ్రూపు తేడాకి అర్థం లేదు, గాలి చీల్చే గుణానికీ లేదు. నాకు ఎదురయ్యేది మహా అయితే చెట్ల మధ్య 80 గజాల్లో వంకరగా నిలబడ్డ ఎల్క్. అక్కడ పగలనిదే కావాలి. రాగి మీద మనసు పడింది కానీ అదే లాట్‌వి రెండు పెట్టెలు కూడా దొరకలేదు. ఫ్యూజన్ ఒకే లాట్‌వి ఆరు దొరికాయి. జీరో 200కి పెట్టాను, 300లో తొమ్మిది అంగుళాలు కింద తగులుతోంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. విమానంలో తీసుకెళ్లడం ఎలా?

క్రీడ్‌మూర్_కిట్టు | 22 సెప్టెంబర్ 2024

బాగా ఆలోచించావు బ్రో. ఒప్పుకోక తప్పట్లేదు. నేను 300లో ఐదుకి ఎన్ని కొడతానో ఇక్కడ రాయను.

డెన్వర్_శ్రీను | 22 సెప్టెంబర్ 2024

తుపాకీ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో. కౌంటర్ దగ్గర డిక్లేర్ చెయ్యాలి. తూటాలు చెక్-ఇన్ లగేజీలోనే, వాటి సొంత అట్టపెట్టెలో. చాలా ఎయిర్‌లైన్స్ 11 పౌండ్ల దాకా ఒప్పుకుంటాయి. నీ .308 పెట్టె ఒక పౌండుకి కాస్త ఎక్కువ ఉంటుంది, మూడు పెట్టెలకి చింత లేదు. దిగాక మాత్రం మళ్లీ జీరో చూసుకో. సామాను ఎత్తేవాళ్లకి స్కోపు ఖరీదు తెలీదు.

ఇది విను, నవ్వు కాదు. నాకు తెలిసినాయన రేంజికి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌నే క్రిస్మస్ సెలవుల్లో ఇండియాకి తీసుకెళ్లాడు. పక్క జేబులో ఒక్క తూటా మిగిలిపోయింది. అక్కడి ఎయిర్‌పోర్టు స్కానర్‌లో పడింది. ఆయుధాల చట్టం కింద కేసు, లాయరు, కోర్టు. రెండు వారాల సెలవు ఎన్ని నెలలయ్యిందో అడక్కు. ఇండియా వెళ్లే బ్యాగు, రేంజి బ్యాగు ఎప్పుడూ వేరు వేరుగా పెట్టుకోండి. ఖాళీ తొడుగు కూడా వద్దు.

వేట_కొత్త | 23 సెప్టెంబర్ 2024

ఇది చదివి లేచి వెళ్లి నా బ్యాగు దులిపాను. పెన్ను మూత దొరికింది, గుండె ఆగినంత పనైంది.

డల్లాస్_మురళి | 19 నవంబర్ 2024

వచ్చాను. వివరంగా రాస్తాను, మీరందరూ రెండు నెలలు నన్ను మోశారు.

దిగిన రోజే రేంజికి వెళ్లాం. 100 గజాల్లో గుండు నాలుగంగుళాలు ఎడమకి. డల్లాస్‌లో ఆ తుపాకీతో పైసా తేడా లేదు. శ్రీను అన్న మాట వినకుండా నేరుగా కొండెక్కి ఉంటే ఏమయ్యేదో. ఆరు తూటాలు ఖర్చయ్యాయి, మళ్లీ సరిచేశాను.

మొదటి రోజు ఏమీ లేదు. మంచు, ఆయాసం. తొమ్మిది వేల అడుగుల్లో నేను పది అడుగులేసి ఆగుతుంటే, మాతో వచ్చిన అరవై ఏళ్ల ఆయన ఈల వేసుకుంటూ వెళ్లిపోతున్నాడు.

రెండో రోజు సాయంత్రం లోయ అవతలి వాలులో మంద. పన్నెండు ఆడవి, ఒక కుర్ర మగది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 420 గజాలు. అడ్డంగా గాలి. బ్యాగు మీద తుపాకీ పెట్టి స్కోపులో చూశాను, నిజం చెప్తున్నా, సేఫ్టీ మీద వేలు పెట్టాను. నా ప్లేటులో 300కే మూడు రంధ్రాలు గుర్తొచ్చాయి. దింపేశాను. పక్కాయన ఏమీ అనలేదు, ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

నాలుగో రోజు పొద్దున ఆస్పెన్ చెట్ల అంచున ఒక ఆడది, 165 గజాలు. మోకాలి మీద, కర్రల ఊత. భుజం వెనక, కిందనుంచి మూడో వంతు ఎత్తులో పెట్టాను. అదృష్టం, పక్కకి తిరిగే ఉంది. ట్రిగ్గర్ లాగిన చప్పుడు కూడా గుర్తులేదు. ఓ నలభై గజాలు నడిచి కూలబడింది.

గుండు ఒక పక్కటెముక విరిచి, రెండు ఊపిరితిత్తులూ దాటి, అవతలి చర్మం కింద పుట్టగొడుగులా ఆగింది. ఇంటికొచ్చి మా ఆవిడ బంగారం తూచే చిన్న త్రాసు మీద పెట్టాను. 10.7 గ్రాములది 9.7 మిగిలింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "తులం కూడా లేదు. దీనికా టికెట్లు, హోటలు, ట్యాగు, ఈ జాకెట్టు?" అంది. నారింజ జాకెట్ మీద ఆవిడకి మొదట్నుంచీ అక్కసే. చట్టం అని చెప్పినా నమ్మట్లేదు. నడుముకి పైన 500 చదరపు అంగుళాలు నారింజో గులాబీయో ఉండాలని రూల్ పుస్తకం తెచ్చి చూపించాను. గులాబీది ఉండగా ఇదెందుకు కొన్నావంది.

మోసుకు రావడం గురించి ఎవరూ చెప్పలేదేంటి మీరు? రెండు మైళ్లు, నాలుగు విడతలు. తూటాల మీద మూడు నెలలు చర్చించాను, మోకాళ్ల మీద మూడు రోజులు కూడా పెట్టలేదు.

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 19 నవంబర్ 2024

చెప్తే రావని చెప్పలేదు.

సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింక జాతుల మెదడుకి పట్టే జబ్బు) పరీక్షకి ఎల్క్ తల ఇచ్చావా? ఆ జబ్బుని మొదట గుర్తుపట్టింది కొలరాడోలోనే, 1967లో, ఫోర్ట్ కాలిన్స్‌లో కంచెలో పెంచే జింకల్లో. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో విడిగా పెట్టు, ఎవరికీ పంచకు.

లక్ష్మి_బోజ్‌మన్ | 20 నవంబర్ 2024

అభినందనలు మురళి గారూ. 420 దగ్గర దింపేసిన ముక్క మా ఆయనకి చదివి వినిపించాను.

మిగిలిన తూటాలెన్ని? టెక్సస్ జింకకి అవే వాడతారా?

డల్లాస్_మురళి | 20 నవంబర్ 2024

బాబాయ్, తల ఇచ్చాను. మీకర్‌లోనే తీసుకున్నారు.

లక్ష్మి గారూ, ప్రాక్టీసుకి పోగా ఒకటిన్నర పెట్టె మిగిలింది. అవే వాడతాను. జింకకి కాస్త గట్టి గుండే అవుతుంది, లోపల విచ్చుకోవడం కొంచెం ఆలస్యం కావచ్చు, అందుకని పక్కటెముకల మధ్య కాకుండా భుజానికి దగ్గరగా పెట్టమని ఇక్కడి ఒకాయన చెప్పాడు. సరేనా?

లక్ష్మి_బోజ్‌మన్ | 20 నవంబర్ 2024

ఫ్యూజన్ జింకల కోసమే చేసింది, అంత గట్టిది కాదు, ఊపిరితిత్తుల్లోనూ బాగానే విచ్చుకుంటుంది. భుజం మీద పెడితే ఆ వైపు మాంసం పోతుంది. మీరు ఎల్క్‌కి పెట్టినచోటే పెట్టండి.

డల్లాస్_మురళి | 7 డిసెంబర్ 2024

పరీక్ష నెగటివ్ వచ్చింది. రేపు ఆదివారం వండుతున్నాం, డల్లాస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టండి.

థర్టీఆట్‌సిక్స్_బాబాయ్ | 7 డిసెంబర్ 2024

కొవ్వు మొత్తం తీసెయ్, అది నోటికి మైనంలా అంటుకుంటుంది. కారం తగ్గించి మిరియం ఎక్కువ వెయ్యి. మటన్ అనుకుని మూడు విజిళ్లకి దింపెయ్యకు.